కెప్టెన్ ఝట్కా తల్లి

నెహ్రూనగర్‌లో మా తమ్ముడు చంటి ఇంటికి ఈ వేసవిలో వెళ్ళినప్పుడు నాకు అప్పగించిన మొదటి పని, అటక మీది అట్టపెట్టెల్లో ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చడం. భిలాయి ఉక్కు ప్లాంటు నాన్నకిచ్చిన, మేం పుట్టి పెరిగిన సెక్టారు క్వార్టరు ఖాళీ చేసినప్పుడు తెచ్చి పడేసిన పెట్టెలవి. కట్టిన తాళ్ళు కూడా విప్పలేదు. "దీదీ, నాకు చేతులు రావు. నువ్వైతే దయాదాక్షిణ్యాలు లేకుండా పారేస్తావు" అన్నాడు. అది పొగడ్తో తిట్టో నేను తేల్చుకునేలోపే నిచ్చెన వేసి కింద పట్టుకుని నిలబడ్డాడు. మూడో పెట్టెలో, అమ్మ ఊరగాయ జాడీలకు వాసెన కట్టే గుడ్డల అడుగున, అట్టలేని బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. చివరి పేజీలు లేవు. అంచుల నిండా పసుపు మరకలు. లోపల కెప్టెన్ ఝట్కా, అంటే ముట్టుకుంటే కరెంటు కొట్టే హిందీ వీరుడు, నేను బాల్‌పెన్నుతో గీసిన మీసాలతో సహా ఉన్నాడు.

చంటి నా చేతిలోంచి లాక్కుని, నలభై దాటిన మనిషి, నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. "పాపం, ఈ పుస్తకం చేసిన తప్పేం లేదు దీదీ. నీ మూలాన బద్నామ్ అయింది" అన్నాడు. వాడి కూతురు మిన్ని పదేళ్ళది. అత్తా అని పిలవమని ఎంత మొత్తుకున్నా నన్ను బువా అనే పిలుస్తుంది. అది వచ్చి రెండు పేజీలు తిరగేసి, "బువా, కారులో మీరు ఇవి చదువుకుంటూ వెళ్ళేవారా? ఎన్ని గంటలు?" అని అడిగింది. రెండు రోజులు అన్నాను. నమ్మలేదు. ముందురోజే రాయపూర్ నుంచి ఇంటికి కారులో వస్తూ, ఆ కాస్త దూరానికీ చెవుల్లో తీగలు పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చుంది. ఇంకెంత దూరం అని ఒక్కసారైనా అడగలేదు. మా కాలంలో పిల్లలకి కారు ఎక్కాక మొదటి విధి ఆ ప్రశ్న అడగడం, పెద్దలకి మొదటి విధి అబద్ధం చెప్పడం. సాలూరు దగ్గర అడిగినా, జగదల్‌పూర్ దగ్గర అడిగినా, మా సింహాచలం మావయ్య "అదిగో, వచ్చీసేం" అనేవాడు.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. ప్లాంటు క్వార్టర్లకు సున్నాలు వేయించే చిన్న కాంట్రాక్టరు. ఎక్కడినుంచో చేతులు మారి వచ్చిన మీగడరంగు కారు ఒకటి కొన్నాడు. వెనక ఎడమ తలుపు బయటినుంచే తెరుచుకునేది, హారను మాత్రం దానంతటదే మోగేది. అయినా ఆ కారు ఎక్కి ఊరికి బయల్దేరినప్పుడు మా వరసలో అందరి ఇళ్ళముందూ జనం నిలబడి చూసేవారు. ఒక్క అమ్మే ఎక్కేది కాదు. పెట్రోలు వాసన తగిలితే చాలు, బండి కదలకముందే ఆవిడకి వాంతి. అందుకని పులిహోర మూట కట్టి, చంటిగాడి చొక్కా లోపల ఉల్లిపాయ పెట్టి పిన్నీసు గుచ్చి, మాకు టాటా చెప్పి, తను హాయిగా ఇంట్లో ఉండిపోయేది. ఆ ఉల్లిపాయ దేనికో నాకు ఇవాళ్టికీ తెలియదు. వడదెబ్బకనుకుంటాను.

ప్రయాణానికి పుస్తకాలు ఇచ్చేది క్యాంప్ వన్‌లో కిరాయి కామిక్సు కొట్టు బాబూలాల్ భయ్యా. బట్టలారేసినట్టు తాడు మీద క్లిప్పులు పెట్టి పుస్తకాలు వేలాడదీసేవాడు. పట్టుకెళ్ళింది మర్నాటికల్లా తిరిగి తేవాలి, నములుతూ చదవకూడదు, పేజీ తిప్పేటప్పుడు వేలు తడి చేసుకోకూడదు, ఇలా ఆయనకి బోలెడు చట్టాలు. ఊరికి నెల్లాళ్ళు వెళ్తున్నాం భయ్యా అంటే మాత్రం మంచివి ముట్టుకోనిచ్చేవాడు కాదు. బల్ల కిందినుంచి చిరుగులవి నాలుగు తీసి, "యే లే జావ్. తిరిగి రాకపోయినా రోనాధోనా లేదు" అనేవాడు. అలా వచ్చిందే అట్టా చివరా లేని ఈ కెప్టెన్ ఝట్కా. వెళ్ళేటప్పుడే నేనూ చంటీ నాలుగింటినీ పదేసిసార్లు నమిలేశాం. తిరుగు ప్రయాణానికి వాటిలో పిప్పి తప్ప ఏమీ మిగల్లేదు.

ఆ ఏడాది తిరుగు ప్రయాణంలో మాతో ఒక మనిషి ఎక్కువ. నాయనమ్మ. సాలూరు దగ్గర పల్లెలో పెదనాన్న దగ్గర ఉండేది. రైలంటే ఆవిడకి నమ్మకం లేదు, ఎవరు ఆపమన్నా ఆగదు కాబట్టి. అంచేత అన్నేళ్ళలో భిలాయి ముఖం చూడలేదు. మావయ్య కారు చుట్టూ మూడుసార్లు తిరిగి చూసి, "ఆపమంటే ఆపుతావేట్రా?" అని అడిగి, ఆపుతానన్నాక ఒప్పుకుంది. కానీ షరతు పెట్టింది. మావయ్యకి ఎనిమిది రోజుల్లో మళ్ళీ కారేసుకుని విజయనగరం వెళ్ళే పనుంది. "అన్నాళ్ళూ సూస్తాను. నచ్చితే అప్పన్న కాడే ఉండిపోతాను. నేదంటే ఇదే కారులో ఎనక్కొచ్చీస్తాను" అంది. అప్పన్న అంటే మా నాన్న. నాన్నకి తల్లిని తన దగ్గర పెట్టుకోవాలని ఎంత ఆశో, ఆ మాట విన్నప్పుడు ఆయన మొహంలో నాకు కనిపించింది. నాకు అప్పుడు పదేళ్ళు. నాకేమీ అంత ఆశ లేదు. ఆవిడ ట్రంకుపెట్టె వల్ల నా కాళ్ళకి చోటు లేకుండా పోయిందని మండిపడుతున్నాను.

వెనక సీట్లో ఒక కిటికీ నాది, ఒక కిటికీ చంటిది, మధ్యలో నాయనమ్మ. కాళ్ళ మధ్య ఆవకాయ జాడీ. నోట్లో చుట్ట, అదీ మా వైపు ఆడవాళ్ళు తాగినట్టు అడ్డపొగ, నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టి. పెట్రోలు, ఆవకాయ, చుట్ట, ఉల్లిపాయ, ఇవి నాలుగూ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను కళ్ళు మూసుకుని కోరాపుట్ కొండల్లోకి వెళ్ళిపోగలను. మావయ్య అద్దంలోంచి చూసి, "అత్తమ్మా, సీటు కాలిపోద్ది" అని గోలపెట్టాడు. "సీటు ఎందుకు కాల్తాదిరా? కాల్తే నా నాలిక్కాలాలి" అంది ఆవిడ, నిప్పు నోట్లో ఉంచుకునే.

ఘాట్ రోడ్డు మీద పుస్తకం ముట్టుకోకూడదని నాన్న శాసనం. చదివినవాళ్ళు వాంతి చేసుకుంటే వాళ్ళే కడగాలి. అది తెలిసీ నేను మొదటి మలుపులోనే పుస్తకం తెరిచాను, నాలుగో మలుపులో కారు ఆపించాను, ఐదో మలుపుకి పుస్తకం నాన్న తొడ కిందికి వెళ్ళిపోయింది. ఆగమనగానే కారు ఆగినందుకు సంతోషించింది నాయనమ్మ ఒక్కతే. నా మొహం కొంగుతో తుడిచి, "ఏటున్నాదే ఆ పుస్తకంలో, కడుపులోది బయటికొచ్చినా సేతిలోది ఒదల్నేదు?" అంది. కథ అన్నాను. "అయితే సెప్పు. దారి తెగాలి కదా."

ఇక్కడ నా కష్టం అర్థం చేసుకోవాలి. కథ హిందీలో ఉంది. నాయనమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. నాకు తెలుగు వచ్చు గానీ అది వంటింటి తెలుగు. అన్నం పెట్టు, నీళ్ళు పొయ్యి, వీడు నన్ను కొట్టాడు, అంతవరకు బాగా వచ్చు. ఒక దుర్మార్గుడైన ప్రొఫెసరు కొండ కింద ప్రయోగశాల కట్టి, ఊళ్ళో మనుషుల్ని ఎత్తుకుపోయి వాళ్ళ బలం లాగేస్తుంటాడు, కెప్టెన్ ఝట్కా వెళ్ళి వాణ్ణి చితగ్గొడతాడు. కథ ఇంతే. ప్రయోగశాల అంటే నాయనమ్మకి ఎలా చెప్పాలి? "పెద్ద షెడ్డులు ఉంటాయి నాయనమ్మా, గొట్టాలు, పొగ..." అన్నాను. "మీ నాన్న పన్జేసే కార్కానాలాగేటి?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆఁ, అదే!" అన్నాను. అంతటితో నా పాపం పండింది.

ఎందుకంటే ప్లాంటు భాష నాకు కొట్టినపిండి. మా ఇంట్లో, పక్కింట్లో, కొళాయి దగ్గర అందరూ మాట్లాడేది అదే. ఆ మలుపునుంచీ ప్రొఫెసరు పెద్ద సాబ్ అయిపోయాడు, ప్రయోగశాల భట్టీ, అంటే ఇనుము కరిగించే కొలిమి, అయిపోయింది, మనుషుల్ని ఎత్తుకుపోవడం పోయి వాళ్ళంతట వాళ్ళే సైరన్ మోగగానే సైకిళ్ళేసుకుని లోపలికి వెళ్ళిపోసాగారు. కెప్టెన్ ఝట్కా ఫిట్టరు అయ్యాడు. నాన్న ఫిట్టరు కాబట్టి నాకు తెలిసిన ఉద్యోగాల్లో అదే గొప్పది. నాయనమ్మ ఊరికే వినే రకం కాదు. "ఆడికి పెళ్ళయ్యిందా?" అంది. పుస్తకంలో లేదు. అయిందన్నాను. "ఆడి తల్లేది?" పుస్తకంలో అదీ లేదు. కరెంటు కొట్టే వీరులకి తల్లులుంటారని నేనెప్పుడూ అనుకోలేదు. "ఊళ్ళో ఉంది" అన్నాను. "ఊళ్ళో ఒక్కర్తీ ఏటి సేస్తంది?" అంది. చుట్ట ఆరిపోయినా వెలిగించుకోలేదు. అప్పుడు గమనించాను, నాకు జీవితంలో మొదటిసారి ఒక మనిషి దొరికింది, నేను చెప్తుంటే నోరు మూసుకోమనని మనిషి. ఇంట్లో నేను ఏ కథ మొదలెట్టినా అమ్మ "తర్వాత" అనేది, నాన్న "ఊఁ" అని నిద్రపోయేవారు, చంటి చివర ముందే చెప్పేసేవాడు. వాడప్పటికి నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయాడు, కాబట్టి నాకు ఎదురే లేకపోయింది.

జగదల్‌పూర్‌లో మావయ్యకి తెలిసినవాళ్ళింట్లో రాత్రి ఆగి, పొద్దున్న కారెక్కగానే "ఊఁ, ఆ ఫిట్టరు భట్టీ కాడికెల్లేడు, తరవాతేటి?" అంది నాయనమ్మ. ఘాట్ దాటాక నాన్న పుస్తకం వెనక్కి ఇచ్చారు. నేను తెరవను కూడా తెరవలేదు. నా కథ ముందు అది ఉప్పులేని పప్పులా ఉంది. నాలుగో నంబరు గేటులోంచి లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికి రారని చెప్పాను. భట్టీ రోజుకొకణ్ణి అడుగుతుందని చెప్పాను. అడిగినప్పుడు ఆకాశం ఎర్రబడుతుందని చెప్పాను. కేశ్‌కాల్ ఘాట్ దిగేసరికి ఫిట్టరు నాలుగో నంబరు గేటులోంచి లోపలికి వెళ్ళాడు, వెనకాల గేటు మూసుకుంది. "మీ నాన్నది ఏ గేటే?" అని నెమ్మదిగా అడిగింది. ఆ గొంతు మారిందని పెద్దయ్యాక నాకు తెలిసింది. అప్పుడు మాత్రం మా నాన్న గొప్ప ఎక్కడ తగ్గుతుందోనని, "నాలుగే! మా నాన్న అసలు భట్టీ పక్కనే పన్జేస్తారు" అన్నాను. నాయనమ్మ ముందు సీట్లో కూర్చున్న కొడుకు మెడకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాతేటి అని అడగలేదు. నేనూ అలిసిపోయి పడుకున్నాను.

భిలాయి చేరేసరికి పొద్దుగూకింది. ప్లాంటులో ఇనుము తీశాక మిగిలిన మడ్డి, ఇంకా నిప్పులా ఉండగానే పారబోసే వేళ. ఆకాశంలో ఒక పక్క అంతా ఎర్రగా వెలిగి ఆరింది. అక్కడ పుట్టినవాళ్ళకి అది రోజూ కనిపించేదే, బయటినుంచి వచ్చినవాళ్ళకి వేలు పెట్టి చూపించే ముచ్చట. "అదేనేటే?" అంది నాయనమ్మ. "అదే నాయనమ్మా, అదే!" అని నేను సీటు మీద ఎగిరాను. చుట్టాలకి మా ఊరి గొప్ప చూపించే సందర్భంలో అంతకంటే ఏం చేస్తాం? ఆ రాత్రి ఆవిడ అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడిగేసుకుంది. ప్రయాణం బడలిక అనుకున్నారందరూ.

మర్నాటినుంచీ ఇంట్లో విచిత్రాలు మొదలయ్యాయి. నాన్న డ్యూటీకి బయల్దేరితే ఒక కాలి బూటు కనిపించదు. వెతగ్గా వెతగ్గా బియ్యం డబ్బాలో దొరుకుతుంది. హెల్మెట్‌కి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి వేలాడుతుంటాయి. ఆవిడకి చాదస్తం అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, నాలుగోరోజు వరకు. ఆ రోజు నాయనమ్మ దండెం మీది నాన్న డ్యూటీ చొక్కా తీసి వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూస్తూ కనిపించింది. నిప్పురవ్వలు పడి దాని నిండా సన్నటి చిల్లులు. మాకు అవి చొక్కాలో భాగమే, గుండీల్లాగా. ఆవిడకి మాత్రం నాన్న అన్నేళ్ళుగా ఉత్తరాల్లో రాసింది ఒకటే ముక్క: అమ్మా, నాది నీడపట్టున కుర్చీలో కూర్చునే ఉద్యోగం, నెత్తిమీద ఫ్యాను. ఆ ఉత్తరాలు పెదనాన్న చదివి వినిపించేవాడు. కుర్చీలో కూర్చునేవాడి చొక్కాకి చిల్లులెందుకు పడతాయో ఆవిడ ఎవరినీ అడగలేదు. నా కథ ఆవిడకి అప్పటికే అన్నీ చెప్పేసింది.

ఆ సాయంత్రమే తేల్చేసింది. "సింహాచలం కారులో నాను ఎలిపోతాను. నాతోటి నువ్వూ రా. ఎకరమున్నర ఉన్నాది, అన్న కాదన్డు. గెంజి తాగుదుం." నాన్నకి తల తిరిగింది. ఉద్యోగం వదిలి ఎలా వస్తానమ్మా, అసలేమైంది, ఎవరేమన్నారు అని ఒక్కొక్కటే అడిగారు. ఆవిడ కారణం చెప్పదు. చెప్తే నోటి మాట నిజమైపోతుందని భయం. "నువ్వు రాకపోతే నానొక్కర్తినే పోతాను. రోజూ నువ్వు ఎల్తుంటే ఇక్కడ కూకుని సూడ్డం నా వల్ల కాదు" అని మాత్రం అంది. నాన్న పెరట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డారు. అమ్మ వెళ్ళి భుజం మీద చెయ్యి వేయడం కిటికీలోంచి చూశాను. తనవల్లే తప్పేదో జరిగిందని ఎవరికి వారు అనుకుంటున్నారు. అసలు దోషిని నేను గుమ్మం చాటున చంకలో కెప్టెన్ ఝట్కాతో నిలబడి ఉన్నాను.

ఇంకో నాలుగు రోజులు నోరెత్తలేదు. ఎత్తితే నాన్న వీపు చిట్లగొడతారని ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి: ఇన్నాళ్ళకి దొరికిన ఒక్క శ్రోత, నేను అబద్ధాలకోరునని తెలిస్తే ఇంకెప్పుడూ నా మాట వినదు. చెప్పకపోతే ఎలాగూ వెళ్ళిపోతుంది. ఎటు చూసినా నాకు నష్టమే. ఎనిమిదోరోజు మావయ్య కారు వచ్చి వాకిట్లో ఆగి, దానంతటదే హారను మోగించింది. ట్రంకుపెట్టె డిక్కీలోకి ఎక్కింది. నాన్నకి ఆరోజు మధ్యాహ్నం షిఫ్టు. డ్యూటీ బట్టలు వేసుకుని, తల్లిని సాగనంపడానికి వాకిట్లో నిలబడ్డారు. నాయనమ్మ నా గెడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుని, "బాగా సదూకో గుంటా" అంది. నాకు ఆగలేదు. బావురుమన్నాను. "అంతా ఝూట్ నాయనమ్మా! పుస్తకంలో ప్లాంటు లేదు, ఫిట్టరు లేడు, నేనే చెప్పాను!"

నాయనమ్మ నమ్మలేదు. "మీ నాన్న సెప్పమన్నాడు కదేటి? అంత కత నువ్వెలా కడతావే? నీకు తెలుగే సరిగ్గా రాదు" అంది. జీవితంలో నాకు తర్వాత కొన్ని మెప్పులు వచ్చాయి గానీ అంత గొప్పదీ, అంత మొహం పగిలేదీ మళ్ళీ రాలేదు. నాన్నకి ఏమీ అర్థం కాలేదు. "ఏ పుస్తకం? ఏ ఫిట్టరు?" అన్నారు. వెక్కుతూ మొత్తం చెప్పాను, నాలుగో నంబరు గేటుతో సహా. చంటిగాడు లోపలికి పరిగెత్తి పుస్తకం పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టాడు. నాన్న ఎప్పుడూ బొమ్మల పుస్తకం ముట్టినవారు కాదు. హెల్మెట్ పక్కన పెట్టి, అరుగు మీద తల్లి పక్కన కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి బొమ్మనుంచి వేలు పెట్టి చూపిస్తూ తెలుగులో చదివి వినిపించారు. "ఇక్కడ ఈడు కొట్టేడమ్మా. ఇక్కడ ఆడు పడిపోయేడు. ఇక్కడ ధడామ్ అని రాసేరు." మావయ్య కారు దిగి వచ్చి వెనకనుంచి తొంగి చూశాడు. అయిపోయాక నాయనమ్మ కాసేపు ఆ పుస్తకాన్నే చూసింది. "ఇదేటి, ఇందులో ఏటీ నేదు. ఈడికి తల్లి కూడా నేదు" అంది.

నాన్న నవ్వబోయారు. ఆవిడ ఆయన చొక్కా చేయి పట్టుకుని, ఒక చిల్లులో చిటికెనవేలు పెట్టి, "మరి ఇయ్యేటి?" అంది. నాన్న నవ్వు ఆగిపోయింది. "ఫ్యాను కిందికి నిప్పు ఎలాగొచ్చింది అప్పన్నా?" నాన్న తల దించుకున్నారు. "ఇద్దరికిద్దరే. ఈ గుంట నేనిదాన్ని ఉన్నాదని సెప్పింది, నువ్వు ఉన్నదాన్ని నేదని సెప్పేవు" అంది. నాన్న, "నిప్పు దగ్గరే అమ్మా పని. జాగర్తగానే ఉంటాం. నువ్వు నోట్లో నిప్పెట్టుకుని తిరగట్లేదేటి?" అన్నారు. "నా నోరు నా మాటింటాది. ఆ భట్టీ నీ మాటింటాదేటి?" అందావిడ.

నాన్న వాచీ చూసుకుని లేచి, నాకేసి తిరిగారు. దెబ్బ పడుతుందని చెంపలు మూసుకున్నాను. "ఆ ఫిట్టరు ఇప్పుడెక్కడున్నాడే?" అన్నారు. లోపలే ఉన్నాడన్నాను. "ఎన్నాళ్ళనుంచి?" ఎనిమిది రోజులనుంచి. "బయటికి తీసుకురా. నేను డ్యూటీకి పోవాలి" అన్నారు. కళ్ళు తుడుచుకుని, వాకిట్లో నిలబడి, నాకొచ్చిన తెలుగులో తీసుకొచ్చాను. భట్టీ అడిగితే ఫిట్టరు ఇవ్వనన్నాడు. రింగు స్పానరుతో దాని నోరు బిగించాడు. తోటివాళ్ళందరినీ వరసగా సైకిళ్ళెక్కించాడు. నాలుగో నంబరు గేటు తెరిచాడు. బయట రోడ్డు మీద ఎండలో వాడి తల్లి నిలబడి ఉంది, ఊరినుంచి వచ్చి. ఆ ముక్క నేను ముందు అనుకోలేదు, దానంతటదే వచ్చింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒచ్చీసేడా?" అంది. వచ్చేశాడన్నాను. "ఒళ్ళు కాల్నేదు కదా?" లేదన్నాను. అప్పుడు నాన్న వైపు తిరిగి, "ఎల్లు నాయనా, డూటీకి ఆలీసమైపోద్ది" అంది. నాన్న స్కూటరు మలుపు తిరిగేదాకా చూసింది. మావయ్య చిన్నగా దగ్గి, "అత్తమ్మా, చలేఁ మరి?" అన్నాడు. "నువ్వెల్రా. ఆడు రేపు మల్లీ ఎల్తాడు కదా, రేపు మల్లీ తేవాలి. ఈ గుంట సెప్తాదో మానేస్తాదో, నాను దగ్గరుండి సూసుకోవాలి" అంది. మావయ్య గొణుక్కుంటూ ట్రంకుపెట్టె దింపాడు.

అలా నాకు ఉద్యోగం పడింది. నాన్న ఏ షిఫ్టుకి వెళ్ళినా, ఆయన బయల్దేరాక నేను ఫిట్టర్ని లోపలికి పంపి బయటికి తేవాలి. పరీక్షలున్నా, జ్వరం వచ్చినా తేవాలి. తెచ్చేదాకా ఆవిడ చుట్ట వెలిగించేది కాదు. ఒకరోజు మధ్యాహ్నానికల్లా రావలసిన నాన్న దీపాలు పెట్టే వేళకీ రాలేదు. ఆ రోజు నా మణికట్టు పట్టుకుని నాలుగుసార్లు చెప్పించుకుంది. నాలుగోసారికి నేను చెప్పేది ఆవిడకి కాదు, నాకే. అప్పుడొచ్చారు నాన్న, రిలీవరు రాకపోతే ఉండిపోవాల్సి వచ్చిందని. ఇప్పుడు మిన్నికి ఆ బాధ లేదు. ఫోను మ్యాపులో చుక్క చూసి, "పాపా చౌక్ దగ్గర ఉన్నారు" అని చెప్పేసి మళ్ళీ తన బొమ్మలు తను చూసుకుంటుంది. అదే మంచిది, ఒప్పుకుంటాను. ఆ చుక్క ఉంటే నాయనమ్మ అన్ని భోజనాలు చల్లార్చుకునేది కాదు. కానీ అప్పుడు నాతో ఎవరు మాట్లాడేవారో నాకు తెలియదు.

పెళ్ళయి వేరే ఊరు వెళ్ళాక కూడా ఉద్యోగం పోలేదు. ఫోను చేసేది. అప్పటికి కథ అరిగి అరిగి రెండు ముక్కలయింది. "ఈయేళ ఆడిది పొద్దుటి షిఫ్టు. తెచ్చీసేవా?" అనేది. ఆఫీసులో ఉన్నా, వంట చేస్తున్నా, "తెచ్చేశాను నాయనమ్మా" అనేదాన్ని. పెట్టేసేది. నాన్న రిటైరైన రోజు అందరం భిలాయిలో ఉన్నాం. తోటివాళ్ళు ఆయన్ని దండలతో, గులాలుతో, డప్పులతో ఇంటికి దింపారు. మిఠాయి పంచుతున్నారు, చంటి గంతులేస్తున్నాడు, మావయ్య ఎవరూ అడగకుండానే ఉపన్యాసం మొదలెట్టాడు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని నన్ను వేలితో పిలిచింది. దగ్గరికెళ్ళి వంగితే, నా చెవిలో, "ఆడింక లోపలికెల్డు. నువ్వూ దిగిపోయేవు డూటీ" అంది. అంతమందిలో వాకిట్లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్న రిటైరైనందుకని అందరూ అనుకున్నారు.